బెల్లం రంగు తుపాకి

ఎలక్షన్ల తేదీ ప్రకటించారంటే మా బోధన్‌లో అందరికీ హుషారు వస్తుంది, ఒక్క గులాం భాయ్‌కి తప్ప. ఆ రోజు ఆయనకు అన్నం సహించదు. లైసెన్సున్న తుపాకులన్నీ ఎన్నికలు అయ్యేదాకా ఠాణాలో అప్పగించాలని రూలు కదా. ఆయన దగ్గరున్నవి అయిదు, అయిదూ చెకుముకి తుపాకులు. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కురేకును గీరుతుంది, నిప్పురవ్వ లేస్తుంది, ఆ రవ్వ మందుకు అంటుకుంటే తుపాకి పేలుతుంది. మన ముత్తాతల కాలపు సంగతి. పైగా నిప్పు లోపలికి పోయే కన్నాన్ని ఆయన సీసం పోసి మూసేశాడు. ఇంక పేలే ప్రశ్నే లేదు.

పోనీ, పేలుతుందనే అనుకుందాం. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దంచి, రాయి సరిచేసుకుని గురి పెట్టేసరికి ప్రచారానికొచ్చిన నాయకుడి జీపు పక్కూరు ఎడపల్లి దాటిపోదా? ఈ మాట ఎంతమంది ఎస్‌ఐలకు చెప్పానో నాకే గుర్తులేదు. "తుపాకంటే తుపాకే పరమేశ్వర్, రూలంటే రూలే" అనేవారు. సరే సార్ అనేవాణ్ణి. మనసులో ఏమనేవాణ్ణో ఇక్కడ రాయకూడదు.

నేను హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ ఠాణా అని అడగకండి, చెప్పను. పట్టుబడ్డ సొత్తూ అప్పగించిన ఆయుధాలూ దాచే గదిని మేం మాల్‌ఖానా అంటాం. దాని తాళంచెవులు చాలా ఏళ్లు నా మొలకే వేలాడాయి. అందుకే గులాం భాయ్ ఏడుపు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయిదు తుపాకుల్నీ పాత బొంతల్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడు. బల్ల మీద ఒక్కొక్కటీ విప్పి చూపించేవాడు. నాలుగింటి గురించీ నోరెత్తేవాడు కాదు. అయిదోది విప్పేటప్పుడు మాత్రం టోపీ సరిచేసుకుని, జాగ్రత్తగా చూడమని ప్రతిసారీ అదే మాట చెప్పేవాడు.

"ఇది మా బాపు చెయ్యి పరమేశన్నా. పైలం."

నేను రిటైరయ్యాక కూడా, ఠాణా రాతపని చూడ్డానికి కొత్తగా వచ్చిన రైటరుకూ అదే మాట చెప్పాడు. రైటరు బిత్తరపోయి బొంతలో నిజంగానే చెయ్యి ఉందేమోనని తొంగి చూశాడట.

వాళ్లది తాతల నుంచీ తుపాకుల మరమ్మతు చేసే ఇల్లు. ఆ బాపు, అంటే తండ్రి దస్తగిర్ ఉస్తాద్ పేరు చెరుకు తోటలున్న పెద్ద రైతులందరికీ తెలుసు. పందుల్ని బెదరగొట్టే తుపాకి మొండికేసిందంటే ఆయన గుమ్మంలోకే రావాలి. గులాం భాయ్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. పగలు అక్కడ, సాయంత్రం తండ్రి దగ్గర. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి ముందు గదిలోని ఆ చిన్న దుకాణమే దిక్కైంది. గిరాకీ అంతంత మాత్రం. ఆయన మనసంతా పాత తుపాకుల మీదే ఉంటే గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ తుపాకులు దొరికిన చోట్లు చెబితే నవ్వుతారు. ఒకటి బాల్కొండ దిక్కున ఓ పాడుపడ్డ దొరల గడిలో, పావురాల రెట్ట కింద. ఒకటి ఎడపల్లిలో దొడ్డి తలుపుకు అడ్డగడియగా. నందిపేట్‌లో ఒక అవ్వ పసుపు ఉడికించే పొయ్యి దగ్గర, వెనక బిరడా ఊడిపోయిన తుపాకి గొట్టంతో మంట ఊదుతూ కనబడిందట. గులాం భాయ్ బజారుకు పోయి కొత్త ఊదుగొట్టం తెచ్చి చేతిలో పెడితే, ఆ అవ్వ రెండింటితోనూ ఊది చూసి "పాతదే మంచిగున్నది, కొత్తది నువ్వే ఉంచుకో" అన్నది. మూడుసార్లు తిరిగి, ఆమె మనవడి పెళ్లిలో వడ్డన కూడా చేసి, చివరికి తెచ్చుకున్నాడు. ఏది దొరికినా ముందు ఠాణాకు తెచ్చి చూపించి, కాగితాలు చేయించుకున్నాకే ఇంట్లో పెట్టేవాడు. ఆ విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

పనిలో ఆయనకో పట్టింపు ఉంది. విరిగిన మీట చేస్తాడు, పురుగు తిన్న కట్టెకు అతుకు వేస్తాడు, చెకుముకి రాళ్ల కోసం నందిపేట్ దగ్గర గోదావరి ఒడ్డంతా వంగి ఏరుతాడు. కాని పాత ఇనుము మీదున్న గోధుమరంగు పొరను గోటితో కూడా గీకడు. "తుప్పు వేరు, రంగు వేరు అన్నా. తుప్పు ఇనుమును తింటది. రంగు ఇనుమును కాస్తది" అంటాడు. ఆ రంగును కావాలనే పట్టిస్తారట. ఇనుమును తడిపి, సన్నగా ఎర్రబారనిచ్చి, గోనెగుడ్డతో రుద్ది, వేడినీళ్లు పోసి, మళ్లీ తడిపి, వానాకాలమంతా అదే పని. చివర అవిసె నూనె రాస్తే ఆ పొర ఇంక ఊడదు.

అయిదో తుపాకి మీదున్న రంగు మాత్రం ఇంకెక్కడా లేదు. అచ్చం ముదురు పాకం మీదున్న బెల్లం రంగు. అది దస్తగిర్ ఉస్తాద్ ఆఖరి పని. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఇంక ఉస్తాద్ పని అయిపోయిందని ఊరంతా అనుకుంటున్న వానాకాలంలో ఎడమచేత్తో ఆ రంగు పట్టించాడు. గులాం భాయ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి తడిగుడ్డ చేతిలో పట్టుకుని, ఒళ్లో తుపాకి పెట్టుకుని కూర్చునేవాడట. "సూడరా, నేనింకా ఖతం కాలే" అనేవాడట. ఆ చలికాలంలోనే పోయాడు. ముప్పై ఏళ్ల కింది మాట.

ఆ తర్వాత గులాం భాయ్ ఎన్ని గొట్టాల మీద ప్రయత్నించాడో. ఉప్పునీళ్లు పెడితే ఇటుక రంగు వచ్చేది. మందు కలిపితే నల్లబడేది. బెల్లం రంగు రానేలేదు. "నాకు రాదు లే అన్నా. అది మా బాపు చెయ్యి మహిమ" అనేవాడు. వాళ్ల గల్లీ చివరే మా ఇల్లు కాబట్టి ఈ మాట నేను చాయ్ తాగినన్ని సార్లు విన్నాను. అట్లా అన్నప్పుడల్లా లోపల ఉల్లిగడ్డలు కోస్తూ ఆయన భార్య సకీనా భాభీ "అవునవును, చెయ్యి మహిమే" అనేది.

భాభీ సంగతి కూడా చెప్పాలి. గోదావరి నుంచి తెచ్చిన రాళ్లు పప్పు గిన్నెలో దొరికిన రోజున ఆమె తిట్లు గల్లీ మొత్తానికి వినబడేవి. "నీకు పెండ్లాం ఎందుకు, ఒక తుపాకిని నిఖా చేసుకుంటే అయిపోవు" అనేది. గులాం భాయ్ ఊరుకునేవాడు కాదు. "నీకు తుపాకి గురించి ఏం తెలుసు? సిర్కా చేసుకో పో" అనేవాడు. సిర్కా అంటే చెరుకురసాన్ని జాడీలో పోసి, ఎండలో పెట్టి పులియబెట్టేది. భాభీ సిర్కాలో ఊరిన ఉల్లిగడ్డ లేకుండా మా గల్లీలో ఎవరింటా దావత్ జరగదు. మా ఆవిడ మాంసం ముట్టదు గాని, ఆ ఉల్లిగడ్డ ముక్కల కోసం గిన్నె పట్టుకుని వెళ్తుంది.

మొన్నటి అసెంబ్లీ ఎన్నికల రూలు దసరా ముందు అమల్లోకి వచ్చింది. గులాం భాయ్ ఎప్పటిలాగే బొంతలు చుట్టి, మాట చెప్పి, అప్పగించి వచ్చాడు. ఫలితాలు వచ్చిన వారానికి తెచ్చుకుందామని బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు. ఖాళీగా ఉన్నాను, వెళ్లాను.

ఠాణాలో వెంకటి ఎదురొచ్చాడు. హోంగార్డు. నా కింద పనిచేసిన పోరడు, ఇప్పుడు నలభై దాటినా నాకు పోరడే. మనసు వెన్న, బుర్ర కూడా అంతే. మొహం వెలిగిపోతోంది.

"చాచా, జర ఉండు. నీకొకటి చూపెడత" అని లోపలికి ఉరికి, అయిదో తుపాకిని రెండు చేతుల మీద మోసుకొచ్చాడు.

తళతళ మెరుస్తోంది. కొత్త స్టీలు చెంబు కూడా అంత మెరవదు. మధ్యలో కుంకుమబొట్టు, మీట దగ్గర ఎండిపోయిన బంతిపూవు.

"దసరకు ఆయుధపూజ చేసినం గద చాచా. మా తుపాకులన్నీ తుడిచి అమ్మవారి ముందు పెట్టినం. నీది సూస్తె అంత తుప్పు. చాచా ఇంటి పెద్ద తుపాకి, గిట్లెట్ల పెడత అమ్మవారి ముందట అనుకున్న. చింతపండు, ఇటుకపొడి పెట్టి పొద్దంత తోమిన. కొబ్బరిపీచులే నాలుగు అరిగినయ్." అని, తప్పు చేసినట్టు గొంతు తగ్గించి "మిగిలిన నాలుగు తోమెతందుకు టైం దొరకలే చాచా, ఏమనుకోకు" అన్నాడు.

వీపు పగలగొడదామనిపించింది నాకు. నిజంగా చెయ్యి లేచింది కూడా. కాని గులాం భాయ్ మొహం చూసి ఆగిపోయాను.

ఆయన తుపాకిని తీసుకున్నాడు. బొటనవేలితో గొట్టం మొదలు నుంచి చివరిదాకా మెల్లగా తడిమాడు. మళ్లీ తడిమాడు. బెంచీ మీద కూర్చున్నాడు.

"పరమేశన్నా, మా బాపు పోయిండు" అన్నాడు.

ముప్పై ఏళ్ల కింద పోయిన మనిషి అప్పుడే పోయినట్టు అన్నాడు. వెంకటికి ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదు, పళ్లికిలించి మా ఇద్దరినీ చూస్తున్నాడు.

ఇంటికి వచ్చేదాకా ఆటోలో గులాం భాయ్ ఒక్కటే మాట అన్నాడు. రేపు పొద్దున నిజామాబాద్ పోయి పోలీసు పెద్దసారుకు దరఖాస్తు ఇస్తాడట. గట్టిగా అరిచి చెబితే నచ్చజెప్పేవాణ్ణి. ఆయన మెల్లగా చెప్పాడు. అంటే ఇచ్చి తీరుతాడు.

హోంగార్డు ఉద్యోగం సంగతి నాకు తెలుసు. పర్మినెంటు కాదు, పింఛను లేదు, అడిగేవాడు లేడు. అప్పగించిన ఆయుధాన్ని పాడుచేశాడని ఒక్క దరఖాస్తు పడితే ఆ రోజే బెల్టు విప్పించి పంపిస్తారు. సాయంత్రానికల్లా వెంకటి మా ఇంటి ముందున్నాడు. ఎవరో చెప్పి ఉంటారు, మొహంలో నెత్తురు లేదు.

"సార్, అమ్మతోడు, భక్తితోనే చేసిన. నా పెండ్లాం బీడీలు చేసి చేసి వేళ్లు వంగుతలేవు. ఇద్దరు పిల్లలు. నౌకరి పోతే ఏం తినాలె?"

"తోమేముందు అడగాలని తెల్వదారా నీకు? మంది తుపాకి నీ ఇంట్ల ఇత్తడి బిందెనా?" అని తిట్టాను. తిట్టి, పొద్దున్నే రమ్మన్నాను. ఇంకేం చేస్తాను?

పొద్దున మేం వెళ్లేసరికి గులాం భాయ్ తెల్ల షేర్వానీ వేసుకుని, బస్సుకు తయారై ఉన్నాడు. తుపాకి బొంతలో చుట్టి ఉంది. భాభీ వరండాలో జాడీ ముందు కూర్చుని, గరిటెతో సిర్కా సీసాల్లో పోస్తోంది. వెంకటి లోపలికి రాగానే ఆయన కాళ్ల మీద పడ్డాడు. గులాం భాయ్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"లే వెంకటీ. నిన్ను కొట్టను, తిట్టను. నువ్వు ఇనుమును తోమినవనుకుంటున్నవ్. గది మా బాపు చెయ్యి. నాకు మిగిలిందే గదొక్కటి. దానికి ఎవడో ఒకడు జవాబు చెప్పాలె గద."

"భాయ్, జర ఆలోచించు" అన్నాను.

"రాత్రంత ఆలోచించిన అన్నా."

బొంత చంకలో పెట్టుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అప్పుడు భాభీ గరిటె కింద పెట్టింది.

"ఆగు. గది మీ బాపు చెయ్యి కాదు" అన్నది.

మాకెవరికీ అర్థం కాలేదు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ, మొగుడి వైపు చూడకుండా జాడీకే చెబుతున్నట్టు చెప్పింది.

"మీ బాపుకు ఎడమ చెయ్యి కూడ వణుకుతుండె. గుడ్డ పట్టుకుంటె జారిపోతుండె. నువ్వు ఫ్యాక్టరికి పోయినంక ఒకరోజు తుపాకి ఒళ్లె పెట్టుకొని ఏడ్చిండు. నేను చూసిన. నేను చేస్త, నువ్వు చెప్పు అన్న. నేను రుద్దిన, ఆయన చెప్పిండు. నువ్వు వచ్చే టైముకు గుడ్డ తీసి ఆయన చేతిల పెట్టేదాన్ని. వానికి చెప్పకు బిడ్డా, వాని మనసుల నా చెయ్యి గట్లనే ఉండని అని ఒట్టు పెట్టించుకున్నడు. ఇయ్యాల ఆ ఒట్టు తప్పిన. ఈ పోరడు పిల్లలున్నోడు."

గులాం భాయ్ నమ్మలేదు. "వీని నౌకరి కాపాడెతందుకు చెప్తున్నవ్" అన్నాడు.

"నీకు గా రంగు ముప్పై ఏండ్లైన ఎందుకు రాలేదో చెప్పాల్నా? నువ్వు ఉప్పునీళ్లు పెడతవ్. మీ బాపు గూడ ఉప్పునీళ్లే పెట్టుమన్నడు. నేను ఒకరోజు నీళ్ల గిన్నె అనుకొని సిర్కా గిన్నెల గుడ్డ ముంచిన. తిడతడనుకున్న. ఆయన సూసి, ఇదే పెట్టు బిడ్డా, ఈ రంగు నా జిందగిల చూడలే అన్నడు."

వరండా అంతా సిర్కా వాసన. గులాం భాయ్ ఆ జాడీని చూశాడు. దుకాణం పక్కనే, తన కళ్ల ముందే ఇన్నేళ్లుగా ఉన్న జాడీ. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"దసరకు వీడు తోమిండు. ఇయ్యాల నువ్వు తోమినవ్" అన్నాడు. ఆ మాటకు భాభీ మొహం వాడిపోయింది. అంతసేపూ నిబ్బరంగా ఉన్న మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ జాలిపడాలో తెలియలేదు. వెంకటి అయితే అందరికంటే ఎక్కువగా ఏడుస్తున్నాడు, వాడి ఉద్యోగం నిలబడిందన్న సంగతి వాడికి ఇంకా తెలియదు.

గులాం భాయ్ తలెత్తి ఆమెను అడిగాడు. "మరి ఇన్నేండ్ల సంది, నీకు తుపాకి గురించి ఏం తెలుసని నేను అంటుంటే ఎట్ల ఊకున్నవే?"

"మీ బాపు పేరు చెప్పుకుంట నీ మొహం ఎట్ల వెలుగుతుండెనో నాకు కనబడుతుండె గద" అన్నది భాభీ.

ఆయన లేచి, షేర్వానీ విప్పి మేకుకు తగిలించాడు. "వెంకటీ, డ్యూటికి పో. ఆలస్యమైతది" అన్నాడు. దరఖాస్తు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

అంత మాత్రాన గులాం భాయ్ మామూలుగా అయిపోయాడని కాదు. కొన్నాళ్లు దుకాణం తెరవలేదు. నాతో కూడా పొడిపొడిగా మాట్లాడాడు. ఎండాకాలంలో పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. మళ్లీ అయిదు బొంతలూ ఆటోలో పెట్టుకుని ఠాణాకు పోయాం. అయిదోది విప్పాడు. అదింకా తళతళలాడుతూనే ఉంది. రైటరు ఆ మాట కోసం కాసేపు ఎదురుచూశాడు. గులాం భాయ్ ఏమీ అనలేదు, బొంత మడతపెట్టుకుని బయటికి నడిచాడు. ఆ మౌనం నాకు చాలా కష్టమనిపించింది.

ఆ ఏడు వానలు మొదలైన రోజున వాళ్లింట్లోకి అడుగుపెట్టి ఆగిపోయాను. స్నానాలగదిలో, తేమ కోసం, తాళ్లతో తుపాకి గొట్టం వేలాడదీసి ఉంది. భాభీ పీట మీద కూర్చుని సిర్కాలో గుడ్డ ముంచి రుద్దుతోంది. గులాం భాయ్ పక్కన నిలబడి వేడినీళ్ల చెంబు పట్టుకుని ఉన్నాడు.

"ఎక్కువైతుందేమో సూడు" అన్నాడాయన.

"నీకు తుపాకి గురించి ఏం తెలుసు? నీళ్లు పొయ్యి" అన్నది భాభీ.

నవ్వాపుకోలేక నేను గోడ పట్టుకున్నాను. గడప అవతల వెంకటి కూర్చుని ఉన్నాడు, ఎడపల్లి నుంచి డబ్బా నిండా చెరుకురసం తెచ్చాడట కొత్త జాడీకి. లోపలికి రానివ్వలేదు. "నువ్వు గాడనే కూసో బిడ్డా, నీ చేతుల ఇంక చింతపండు ఉంటది" అంటోంది భాభీ. వానలు ఉన్నన్నాళ్లూ ఆ పని సాగింది. మొదట ఎర్రబారింది, తర్వాత ముదిరింది, ఆఖరికి అవిసె నూనె రాసిన రోజున గులాం భాయ్ దాన్ని గుమ్మంలోకి తెచ్చి వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. బెల్లం రంగు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను.

మొన్న పంచాయతీ ఎన్నికలొచ్చాయి. రూలంటే రూలే. ఈసారి భాభీ కూడా వస్తానంది, నిజామాబాద్‌లో కంటి డాక్టరుకు చూపించుకునే పని ఉంది, ఠాణా నుంచి అటే బస్టాండుకు పోవచ్చని. ముందు సీట్లో నేను, వెనక వాళ్లిద్దరి మధ్య బొంతలు. ఠాణాలో రైటరు మారిపోయాడు, కొత్త కుర్రాడు. వెంకటి మాత్రం అక్కడే ఉన్నాడు, తుపాకులకు ఆమడ దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

గులాం భాయ్ ఒక్కొక్కటీ విప్పి బల్ల మీద పెట్టాడు. నాలుగింటి గురించీ నోరెత్తలేదు. అయిదోది విప్పేటప్పుడు టోపీ సరిచేసుకున్నాడు. గొట్టాన్ని ఒకసారి తడిమి, కొత్త రైటరు వైపు జరిపాడు.

"ఇది మా సకీనా చెయ్యి సార్. పైలం" అన్నాడు.

భాభీ తల దించుకుంది. కొంగు సరిచేసుకుని, "నడువు, బస్సు పోతది" అన్నది.